పదకొండు పక్కన సున్నా

ఎండు మిరపకాయ అంటే ఏమిటో మన దేశపు ఆహార నిబంధనలు అర పేజీలో చెబుతాయి. 2011లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తెచ్చిన నిబంధనల్లో, మసాలా దినుసుల భాగంలో ఉంటుందది. పండి ఎండిన కాయ అయి ఉండాలని, బూజు, పురుగులు, పైనుంచి పూసిన రంగు, నూనె ఉండకూడదని రెండు మూడు వాక్యాలు. ఆ కింద అంకెలు. ఇతర పదార్థాలు బరువులో 1.0 శాతానికి మించరాదు. పచ్చివి, మచ్చ పడ్డవి 2.0. విరిగిన కాయలు, గింజలు, ముక్కలు 5.0. తేమ 11.0. మొత్తం బూడిద, పొడి బరువు మీద, 8.0. ఆమ్లంలో కరగని బూడిద, అదీ పొడి బరువు మీదే, 1.3. పురుగు తిన్నవి 1.0. అంతే.

నేను అప్పుడప్పుడు కథల మీద, కవితా సంపుటాల మీద నాలుగు మాటలు రాస్తుంటాను. ఒక పుస్తకంలో ఏ మాట ఎందుకుందో, తీసేస్తే ఏం పోతుందో చూడటం నాకు అలవాటు. తీసేస్తే ఏమీ పోని మాటలు మన వచనంలో ఎక్కువే. యతి కోసమో ప్రాస కోసమో పాదం నింపిన పద్యకవిని మనం వెక్కిరిస్తాం గానీ, ఛందస్సు బాధ లేని వచనకవి కూడా ‘నిశ్శబ్ద మౌనం’ అని రాస్తాడు. ఆ అలవాటుతోనే ఈ అర పేజీని కూడా చదివాను. ముందు నా కన్ను పడింది ఆ సున్నాల మీద. పదకొండు అంటే సరిపోయేదానికి 11.0 ఎందుకు? ఇదీ పాదపూరణమేనా?

కాదు. అది తెలుసుకోడానికి ఇంకో కాగితం చూడాలి.

మన భారతీయ ప్రమాణాల వరసలో ఐఎస్ 1 జాతీయ జెండా. ఏ రంగు, ఏ కొలత, ఏ గుడ్డ అన్నది అందులో ఉంటుంది. (జెండా అనగానే గుర్తొచ్చే పింగళి వెంకయ్యగారిని పత్తి మీద చేసిన పని వల్ల ‘పత్తి వెంకయ్య’ అని కూడా పిలిచేవారు. పత్తి నేల మీద పుట్టినవాణ్ణి కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను.) ఇక ఐఎస్ 2 ఏమిటంటే, అంకెల్ని ఎలా సవరించాలో చెప్పే నియమం. జెండా తర్వాత దేశానికి కావలసిన రెండో ప్రమాణం ఇదా అని మొదట నవ్వొస్తుంది. కానీ తర్వాత వచ్చిన ప్రమాణాల్లో చాలావాటి ముందుమాట చివర ఒకే షరతు కనిపిస్తుంది: పరీక్షలో వచ్చిన విలువను ఐఎస్ 2 ప్రకారం సవరించాలి, ప్రమాణంలో దశాంశ స్థానాలు ఎన్నుంటే సవరించిన విలువలోనూ అన్నే ఉంచాలి.

ఇప్పుడు లెక్క చూడండి. ప్రమాణంలో 11 అని ఉండి, పరీక్షలో 11.3 వచ్చిందనుకుందాం. దశాంశం లేకుండా సవరిస్తే 11. సరుకు పాసు. ప్రమాణంలో 11.0 అని ఉంటే ఒక దశాంశ స్థానం ఉంచాలి. 11.3 అంటే 11.3నే. సరుకు ఫెయిలు. మొదటి పద్ధతిలో 11.4 కూడా గట్టెక్కుతుంది. రెండో పద్ధతిలో 11.1 కూడా గట్టెక్కదు. బడిలో లెక్కల మాస్టారికి రెండూ ఒకటే. కాయ అమ్ముకునేవాడికి ఒకటి కాదు. ఆ సున్నా తీసేస్తే వాక్యం అర్థమే మారిపోతుంది. కాబట్టి అది పునరుక్తి కాదు.

ఈ పరీక్ష నాకు చాలా నచ్చింది. మాటకైనా అంకెకైనా అడగాల్సింది ఒకటే: తీసేస్తే ఏ సరుకు జాతకమైనా మారుతుందా? మారితే ఉంచాలి. మారకపోతే తీసేయాలి. మారుతుందో లేదో చెప్పలేకపోతే, అదీ అసలు ప్రమాదం.

*

మాది గుంటూరు, ప్రకాశం జిల్లాలు కలిసే చోట నల్లరేగడి ఊరు. 2022లో జిల్లాలు విడగొట్టాక మా ఊరు ఏ జిల్లాలో ఉందో చెప్పడానికి మా నాన్న ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాడు. ఒక ఏడు మిరప, ఒక ఏడు పత్తి, ధర ఎటు లాగితే అటు. నేను ఇంజినీరింగ్ చదివి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. రెండు సిస్టమ్‌లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో కాగితం మీద పెట్టడం నా పనిలో పెద్ద భాగం. ఇంట్లో వాళ్ళకి అది పని అని నమ్మకం కుదిరింది మాత్రం మూడేళ్ళ కిందటే, నాన్న చేతికి ఒక ఒప్పంద పత్రం వచ్చినప్పుడు.

గుంటూరు యార్డుకి తోలకుండా నేరుగా రైతుల దగ్గరే కొంటామని ఒక సంస్థ వాళ్ళు వచ్చారు. పేరు ఇక్కడ అనవసరం. యార్డు ఖర్చులు తగ్గుతాయి, కమీషను ఉండదు, ధర ముందే మాట్లాడుకోవచ్చు. మా ఊళ్ళో పదిహేను మంది దాకా సంతకాలు పెట్టారు. పత్రం తెలుగులోనే ఉంది. అసలు వాక్యం ఇది:

“సరఫరా చేయు మిర్చి బాగా ఎండి, తేమ లేకుండా, తేమ 11 శాతం లోపు ఉండి, మంచి రంగు మరియు నాణ్యత కలిగి, తాలు కాయలు లేకుండా, తాలు 2 శాతం మించకుండా ఉండవలెను. నాణ్యత సరిపోనిచో సంస్థ సరుకును తిరస్కరించవచ్చు లేదా ధర తగ్గించవచ్చు.”

నాన్న 22 టిక్కీలు తోలాడు. టిక్కీకి 45 కిలోల లెక్కన 990 కిలోలు. మాట్లాడుకున్న ధర క్వింటాకు 18,000. వాళ్ళ మీటరు తేమ 11.3 చూపించింది. తాలు ఏరి తూకం వేస్తే ఒకటిన్నర శాతం. క్వింటాకు 800 తగ్గిస్తామన్నారు. నాన్న కాగితం చూపించి, “పదకొండేగా రాశారు, మీటర్లో పదకొండేగా ఉంది, ఆ చుక్క తర్వాతది మీరెక్కడ రాశారు?” అని అడిగాడట. ఆ కుర్రాడు మర్యాదగానే చెప్పాడట: “బాబాయ్, లోపు అని ఉంది. అయినా పైన చూడండి, తేమ లేకుండా అని కూడా ఉంది. తాలు లేకుండా అని కూడా ఉంది. మీ కాయలో రెండూ ఉన్నయ్యిగా.”

తగ్గింది 7,920 రూపాయలు. పాతికమంది కోత కూలీలకు దాదాపు ఒక రోజు కూలి. ఇల్లు మునిగిపోయే మొత్తం కాదు. కానీ ఆ కుర్రాడు అబద్ధం ఏమీ ఆడలేదన్నది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. అతను చదివినవన్నీ కాగితంలో ఉన్న మాటలే.

ఒక కవితని విప్పి చూసినట్టు ఆ వాక్యాన్ని విప్పి చూడండి. కాయ ఎండి ఉండాలన్న సంగతి మూడుసార్లు ఉంది. ‘బాగా ఎండి’, ‘తేమ లేకుండా’, ‘11 శాతం లోపు’. రాసినవాడి మనసులో ఈ మూడూ ఒకటే అయ్యుండాలి. ఒత్తి చెప్పడం కోసం రాశాడు. మాట్లాడేటప్పుడు మనమూ అంతే: ‘ఎండిపోయింది, అస్సల్లేదు, చుక్క తేమ లేదు’ అంటాం, ఎవరూ తప్పు పట్టరు. కానీ ఒప్పందాన్ని చదివేవాడు ఆ ఒత్తిడిని వినడు. ఏ మాటా ఊరికే వేసి ఉండరనే నమ్మకంతో చదువుతాడు. కోర్టుల్లో చట్టాల్ని చదివేటప్పుడూ ప్రతి మాటకీ ఏదో ఒక పని ఉంటుందనే అనుకుని మొదలుపెడతారు. అలా చదివితే ‘11 లోపు’ చెప్పాక కూడా ‘తేమ లేకుండా’ అని ఉందంటే, అది ఇంకేదో అదనంగా అడుగుతోందన్నమాట. ఒత్తి చెప్పడానికి వేసిన మాట కొత్త షరతు అయి కూచుంటుంది.

పైగా అది కుదరని షరతు. తేమ లేని మిరపకాయ లేదు. మా ఊళ్ళో కల్లంలో కాయ ఎండిందో లేదో చూడటానికి చెవి దగ్గర పెట్టి ఊపుతారు, లోపల గింజ గలగలలాడాలి. అక్కడ ఆగకుండా ఇంకో రెండు రోజులు ఎండలో వదిలితే, తొక్కేటప్పుడు కాయ పెళుసుగా విరిగిపోతుంది. రంగు వెలిసిపోతుంది. బస్తా తూకం తగ్గుతుంది. అందుకే బస్తాల్లో తొక్కేముందు నీళ్ళు చిలకరించే అలవాటు మా వైపు ఉంది. నిబంధనల్లో తేమ 11.0కి మించకూడదన్నదీ, విరిగినవి 5.0కి మించకూడదన్నదీ పక్కపక్కనే ఉన్నాయి గానీ, కల్లంలో ఆ రెండూ రైతుని చెరో వైపు లాగుతాయి. ఎండబెడితే విరుగుతుంది, విరక్కుండా చూస్తే తేమ ఉంటుంది. ఆ రెండు అంకెల మధ్య సందులో నడవడమే రైతు పనితనం. ‘తేమ లేకుండా’ అని రాసినవాడు ఆ సందునే మూసేశాడు.

ఒకే సంగతిని రెండు బలాలతో రెండుసార్లు చెబితే, ఏది ఎంచుకోవాలన్న నిర్ణయం కాటా ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది. తేమ 10 వచ్చిన రైతుకి అంకె చూపిస్తారు, 11.3 వచ్చిన రైతుకి మాట చూపిస్తారు. రెండూ కాగితంలోవే. పునరుక్తి దోషమని అలంకారశాస్త్రం చెబితే అది చెవికి సంబంధించిన సంగతి అనుకునేవాణ్ణి. కాటా దగ్గర అది అధికారానికి సంబంధించిన సంగతి.

*

‘లోపు’ సంగతి కూడా చూడాలి. పదకొండు లోపు అంటే పదకొండు ఉండొచ్చా? సోమవారం లోపు డబ్బు కట్టమంటే సోమవారం సాయంత్రం కట్టొచ్చా? పదిమందిని అడగండి, ఐదైదుగా చీలిపోతారు. ‘వరకు’ కూడా అంతే. ‘మించకూడదు’ అంటే ఆ గొడవ లేదు. పదకొండు ఉండొచ్చు, దాటకూడదు. ఆ ఒప్పందంలో తాలుకి ‘మించకుండా’ అని రాసి తేమకి ‘లోపు’ అని రాశారు. ఒకే వాక్యంలో, ఒకే రకం హద్దుకి, రెండు మాటలు. కథ రాసేటప్పుడు ఒకే మాట మళ్ళీ మళ్ళీ రాకుండా పర్యాయపదం వెతుక్కోమని మనకి బడిలోనే నేర్పుతారు. ప్రమాణాలు రాసేచోట ఆ పాఠం తిరగబడుతుంది: ఒక సంగతికి ఒకే మాట, పత్రం చివరిదాకా అదే మాట. మాట మారిందంటే సంగతి మారిందనే చదువరి అనుకోవాలి.

ఇక ‘తిరస్కరించవచ్చు’. తెలుగు ‘వచ్చు’ మూడు పనులు చేస్తుంది. ‘నువ్వు వెళ్ళొచ్చు’ అంటే అనుమతి. ‘రేపు వాన రావచ్చు’ అంటే అవకాశం. ‘ఈ మీటరుతో పత్తి తేమ కూడా చూడొచ్చు’ అంటే సామర్థ్యం. ఇంగ్లీషు ప్రమాణాలు రాసేవాళ్ళకి ఐఎస్‌ఓ ఇచ్చిన సూచనల్లో అనుమతికి ‘మే’, అవకాశానికీ సామర్థ్యానికీ ‘కెన్’ అని విడగొట్టి చెప్పారు. తప్పనిసరికి ‘షల్’, సలహాకి ‘షుడ్’. తెలుగులో ‘ఉండాలి’ కూడా ఇలాంటిదే. ‘తేమ తక్కువ ఉండాలి’ అంటే ఆజ్ఞ. ‘బస్సు ఈపాటికి పేట దాటి ఉండాలి’ అంటే ఊహ. మాట్లాడేటప్పుడు సందర్భం కాపాడుతుంది. కాగితానికి సందర్భం ఉండదు, అది రాసినవాడు లేని చోటే పని చెయ్యాలి.

మా సాఫ్ట్‌వేర్ లోకంలో దీనికి ఒక చిన్న పత్రం ఉంది. 1997 మార్చిలో స్కాట్ బ్రాడ్నర్ రాసిన ఆర్‌ఎఫ్‌సి 2119. ఇంటర్నెట్ ప్రమాణాల్లో ‘మస్ట్’, ‘షుడ్’, ‘మే’ వంటి మాటలు ఏ అర్థంలో వాడుతున్నామో చెప్పడమే దాని పని. కొన్ని పేజీలు, అంతే. అందులోనే ఈ ఆజ్ఞాపదాల్ని జాగ్రత్తగా, పొదుపుగా వాడమన్న హెచ్చరిక కూడా ఉంది, నిజంగా అవసరమైన చోటే వాడాలి. ఇంత చేసినా ఒక సందు మిగిలింది. పెద్దక్షరాల్లో రాసిన ‘మస్ట్’కీ, మామూలు వాక్యంలో చిన్నక్షరాల్లో వచ్చిన ‘మస్ట్’కీ తేడా ఉందా? ఇరవై ఏళ్ళ తర్వాత, 2017 మేలో, ఆర్‌ఎఫ్‌సి 8174 వచ్చి పెద్దక్షరాల్లో ఉంటేనే ఆ ప్రత్యేకార్థం అని తేల్చింది. తెలుగు లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు. ఆ కిటుకు మనకి పనికిరాదు. మన దారి మనం వెతుక్కోవాలి.

వెతకనక్కర్లేదేమో కూడా. పదో తరగతి తెలుగు చదివినవాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది: ఉత్వసంధి నిత్యం, ఇత్వసంధి వైకల్పికం, అత్వసంధి బహుళం. మార్కుల కోసం బట్టీ పట్టాం గానీ, పరవస్తు చిన్నయసూరి 1858లో తెచ్చిన బాలవ్యాకరణం నిజానికి ఒక ప్రమాణపత్రం. నిత్యమంటే తప్పనిసరి: రాముడు, అతడు కలిస్తే రాముడతడు. వైకల్పికమంటే ఎలాగైనా సరే: ఏమంటివి, ఏమియంటివి, రెండూ ఒప్పే. నిషేధమంటే కూడదు. బహుళం ఇంకా చిత్రమైనది. ఒకచోట తప్పక అవుతుంది, ఒకచోట కాదు, ఒకచోట అయినా కాకపోయినా సరే, ఇంకోచోట మరోలా అవుతుంది. ఈ మాటలకి అర్థం ముందే ఖాయం చేసి, తర్వాత సూత్రాల్లో ఒక్క అక్షరం ఎక్కువ లేకుండా వాడుకున్నారు. పై సూత్రంలో వచ్చిన మాట కింది సూత్రంలో మళ్ళీ రాయరు, అనువృత్తిగా దిగివస్తుంది. అర మాత్ర ఆదా అయితే కొడుకు పుట్టినంత సంబరపడతారని వ్యాకరణవేత్తల గురించి మన పెద్దలు చెప్పుకునేది ఊరికే కాదు.

ఆ ఒప్పందంలో ‘మంచి రంగు మరియు నాణ్యత’ అన్న చోటికి వస్తే నాకు చిన్నయసూరి మాటే గుర్తొస్తుంది. అది బహుళం. ఒకచోట అవుతుంది, ఒకచోట కాదు, ఇంకోచోట మరోలా అవుతుంది. భాషకి బహుళం తప్పదు, అది జనం మాట్లాడుకునేది. కొనుగోలు కాగితంలో బహుళం ఎందుకు?

*

అలాగని మాటలు తగ్గించడమే కచ్చితత్వం అనుకుంటే పొరపాటు. నిబంధనల్లో బూడిద దగ్గర ‘పొడి బరువు మీద’ అన్న మాట చూడండి. చేతిలో వంద కిలోల కాయ ఉంది, అందులో 11 కిలోలు నీరు. మిగిలింది 89. మొత్తం బరువు మీద తేమ 11 శాతం. పొడి బరువు మీద లెక్కేస్తే అదే నీరు 12.4 శాతం. నీరు మారలేదు, కాయ మారలేదు, కింద వేసి భాగించిన అంకె మారింది. బూడిదైతే పొడి బరువు మీద 8.0 శాతం ఉంటే, ఉన్న కాయ మీద 7.1. ‘పొడి బరువు మీద’ అన్న మాటలు తీసేస్తే కాయ జాతకం మారిపోతుంది. కాబట్టి అవి ఉండాలి.

పత్తిలో ఈ సంగతికి ఏకంగా రెండు పేర్లున్నాయి. నూలు మిల్లుల లెక్కలో పత్తి తేమని పొడి బరువు మీద చెబుతారు, దాన్ని ‘రీగెయిన్’ అంటారు. పత్తికి ఒప్పుకున్న రీగెయిన్ 8.5 శాతం. అదే నీటిని మొత్తం బరువు మీద చెబితే 7.8. రైతు దగ్గర సీసీఐ కొనేటప్పుడు చూసే తేమ రెండో రకం. 8 శాతం వరకు పూర్తి మద్దతు ధర, ఆపైన 12 దాకా శాతానికింత చొప్పున కోత, 12 దాటితే కొనరు. ‘తేమ 8 శాతం’ అన్న మాట ఒక్కటే ఉంటే అది రైతు లెక్కో మిల్లు లెక్కో తెలీదు.

తేమని ఎలా కొలవాలన్నది ఇంకో ప్రశ్న. మసాలా దినుసుల్ని మామూలుగా ఓవెన్‌లో పెట్టి ఎండబెట్టి తూకం వేస్తే, నీటితో పాటు ఎగిరిపోయే నూనెలు కూడా పోతాయి, తేమ ఎక్కువ కనిపిస్తుంది. అందుకే ఐఎస్‌ఓ 939 పద్ధతిలో టాలుయిన్‌తో కలిపి మరిగించి, వచ్చిన నీటిని విడిగా కొలుస్తారు. కల్లం దగ్గరికి తెచ్చే చేతి మీటరు అలాంటిది కాదు. అది ఏదో విద్యుత్ లక్షణాన్ని చూసి తేమని అంచనా కడుతుంది. ‘తేమ’ అన్న రెండక్షరాల వెనక పద్ధతి పేరు లేకపోతే అంకెకి అర్థమే లేదు.

దీనికి పూర్తిగా అవతలి కొస కూడా ఉంది. స్పైసెస్ బోర్డు మిరప రకాల పట్టికలో మన గుంటూరు సన్నం ఎస్4 రంగు విలువ 32.11 అనీ, క్యాప్సైసిన్ 0.226 శాతం అనీ ఉంటుంది. ఒకే చెట్టున మొదటి కోత కాయకీ చివరి కోత కాయకీ రంగు, కారం ఒకలా ఉండవని మా ఊళ్ళో చిన్నపిల్లలకీ తెలుసు. అటూ ఇటూ ఎంత తేడా ఒప్పుకుంటారో చెప్పకుండా రెండో దశాంశం దాకా ఇచ్చిన అంకె పరిచయానికి బావుంటుంది, కొలమానంగా పనికిరాదు. 11.0లో సున్నా పని చేస్తోంది. 32.11లో చివరి ఒకటి అలంకారం.

‘లేకుండా’ అన్న మాట కూడా ఇలాంటి పరీక్షే పెడుతుంది. 2003లో ఫ్రాన్సులో మన మిరప ఉత్పత్తుల్లో సుడాన్ 1 అనే రంగు దొరికింది, యూరోపియన్ యూనియన్ అత్యవసర నిబంధనలు తెచ్చింది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఆ రంగు కలిసిన కారప్పొడి ఒక వూస్టర్ సాస్ ద్వారా వందల రకాల ఆహార పదార్థాల్లోకి చేరిందని తెలిసి వాటన్నిటినీ వెనక్కి తెప్పించారు. మన నిబంధనల్లో పైరంగు ఉండకూడదని ఉంది. కానీ ‘లేదు’ అని చెప్పడానికి పరికరం కావాలి, ఆ పరికరం ఎంత తక్కువ దాకా పసిగడుతుందో తెలియాలి. కంటితో చూసేవాడి ‘లేదు’, ప్రయోగశాల ‘లేదు’ ఒకటి కావు.

ఒక్కోసారి పునరుక్తిలా కనబడేది పునరుక్తి కాదు. ఆ అర పేజీలోనే ‘బతికిన, చచ్చిన పురుగులు ఉండకూడదు’ అని ఒకచోట, ‘పురుగు తిన్నవి 1.0 శాతానికి మించరాదు’ అని ఇంకోచోట ఉంది. మొదటిసారి చదివినప్పుడు ఇదీ మా ఊరి ఒప్పందం లాగే ఉందే అనుకున్నాను. కాదు, మొదటిది పురుగు గురించి, రెండోది అది కొరికి వదిలేసిన కాయ గురించి. కోడెక్స్ వాళ్ళ సుగంధ ద్రవ్యాల కమిటీకి ఆతిథ్యం ఇచ్చేది మన దేశమే, 2014లో తొలి సమావేశం కొచ్చిలో జరిగింది. ఆ కమిటీ నుంచి వచ్చి 2022లో ఆమోదం పొందిన మిరప ప్రమాణం పేరులో ‘డ్రైడ్ ఆర్ డీహైడ్రేటెడ్’ అని ఉంటుంది. ఎండినది లేదా నీరు తీసేసినది. రెండూ ఒకటి కాదా? వ్యాపారంలో ఎండకు ఆరినదాన్నీ, యంత్రంలో వేడిగాలికి ఆరినదాన్నీ వేరుగా పిలిచేవాళ్ళున్నారు. ఒకటే రాస్తే రెండోది ఈ ప్రమాణం కిందకి రాదని వాదించొచ్చు. కాబట్టి ఆ మాటకీ పనుందని నేననుకుంటాను.

కావాలని చేసే పునరుక్తి కూడా ఉంది. మన ఊళ్ళలో ప్రాంసరీ నోటు రాసేటప్పుడు అంకెల్లో 50,000 అని రాసి ‘అక్షరాలా యాభైవేల రూపాయలు మాత్రమే’ అని మళ్ళీ రాస్తారు. ఒక సున్నా చేర్చినా చెరిపినా పట్టుబడాలని. అయితే దాని వెనక ఒక నియమం ఉంది: అంకెకీ అక్షరానికీ తేడా వస్తే అక్షరాల్లో రాసిందే చెల్లుతుందని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 18వ సెక్షన్ చెబుతుంది. రెండుసార్లు చెప్పొచ్చు, కానీ గొడవొస్తే ఏది గెలుస్తుందో ముందే చెప్పాలి. మా నాన్న సంతకం పెట్టిన కాగితంలో లేనిది ఆ ఒక్క మాటే. అది లేకే కాటా పట్టుకున్నవాడు గెలిచాడు.

*

ఆ తర్వాతి సంవత్సరం కోతలకి ముందు మా ఊరివాళ్ళు అడిగితే ఆ వాక్యాన్ని తిరగరాశాను. నాలుగు ముక్కలైంది.

ఒకటి: తేమ, మొత్తం బరువు మీద, 11.0 శాతానికి మించకూడదు. రెండు: తాలు, బరువులో, 2.0 శాతానికి మించకూడదు. మూడు: నమూనాను రైతు ఎదురుగా, రైతు ఎంచిన మూడు బస్తాల నుంచి, సంస్థ ఎంచిన మూడు బస్తాల నుంచి తీసి కలపాలి, మీటరు మీద తేడా వస్తే ప్రయోగశాల ఫలితమే చెల్లుతుంది. నాలుగు: తేమ 11.0 దాటి 12.0కి మించకుండా ఉంటే, ఎక్కువైన ప్రతి 0.1కి ధరలో 0.1 శాతం తగ్గించాలి, 12.0 దాటితే సరుకును తిరస్కరించే హక్కు సంస్థకు ఉంది.

‘బాగా’ పోయింది. ‘మంచి’ పోయింది. ‘నాణ్యత’ పోయింది. ‘వచ్చు’ బదులు ‘హక్కు’ వచ్చింది. సున్నాలు వచ్చాయి. మొత్తానికి పాత వాక్యం కన్నా పొడుగే అయింది. తక్కువ మాటలు కాదు కావలసింది, ప్రతి మాటకీ ఒక పని ఉండటం.

నాన్న చదివి, పాత 22 టిక్కీల లెక్క దీని ప్రకారం కట్టమన్నాడు. 11.3 అంటే ఈ కాగితం ప్రకారం కూడా ఎక్కువే. సున్నా ఉంది కాబట్టి తప్పించుకునే వీలు లేదు. 0.3 శాతం కోత, క్వింటాకు 54 రూపాయలు. మొత్తం మీద 535. “అంటే నీ కాగితంలో కూడా మనదే తప్పా?” అన్నాడు. అవునన్నాను. “అయితే పర్లేదు. మూడు వంతుల తేమకి మూడు వంతుల డబ్బు. అది న్యాయమేగా,” అన్నాడు. కాసేపాగి, “ఇట్టా రాస్తే వాళ్ళు సంతకం పెడతారంటావా?” అని కూడా అడిగాడు.

అతను అడిగిందే అసలు ప్రశ్న. ఇంటర్నెట్ ప్రమాణం రాసేవాళ్ళు ఇంచుమించు సమానమైనవాళ్ళు. కాగితం తేలిగ్గా అర్థం కాకపోతే అందరి ప్రోగ్రాములూ పాడవుతాయి కాబట్టి కచ్చితత్వం అందరికీ కావాలి. మిరప దగ్గర అలా కాదు. మసక మాట ఒకరికి ఖర్చు, ఇంకొకరికి లాభం. లాభం ఉన్నవాడికి మసక మాటని సరిచేయాల్సిన తొందర ఉండదు. వాక్యాన్ని బాగు చెయ్యడం నాకు వచ్చు. ఆ వాక్యానికి ఒప్పించడం నా చేతిలో లేదు, పదిహేను మంది ఒకే మాట మీద నిలబడాలి.

పదిహేను మందిలో పదకొండు మంది నిలబడ్డారు. సంస్థవాళ్ళు రెండుసార్లు వచ్చి మాట్లాడారు. కోత లెక్క ఒప్పుకున్నారు, శాతానికి ఒకటిన్నర శాతం చొప్పున. నమూనా రైతు ఎదురుగానే తీస్తామన్నారు, అది కాగితంలోకి ఎక్కింది. ‘తేమ లేకుండా’, ‘తాలు లేకుండా’ రెండూ కొట్టేశారు. ప్రయోగశాల మాట ఒప్పుకోలేదు. 11 పక్కన సున్నా పెట్టారు గానీ, ‘లోపు’ మాత్రం అలాగే ఉంచారు, వాళ్ళ పత్రాలన్నిటిలో అదే మాటట, మార్చడం కుదరదట.

వచ్చే కోతల లోపు దాని సంగతి చూడాలి.